'మరియు బృందం' అంటే ఎవరు? క్యాసెట్ అట్ట మీద ఒక గొంతు జాడ పట్టే పద్ధతి

మా చిన్నమ్మ ఎన్ని క్యాసెట్లలో పాడిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. "ఏడో ఎనిమిదో ఉంటయిరా. అన్నిట్ల నా గొంతున్నది, పేరే లేదు" అని నవ్వుతుంది. అట్ట మీద ప్రధాన గాయకుల పేరు పక్కన 'మరియు బృందం' అని వేస్తారు చూడండి, ఆ బృందంలో ఒకతె ఆమె. పరకాల దగ్గరి పల్లె ఆమెది. బతుకమ్మ కాడ పాడుతుంటే విని ఎవరో హైదరాబాద్ తీసుకుపోయి స్టూడియోలో నిలబెట్టారు. 90ల్లో మా వరంగల్ దిక్కు అదొక సీజన్. మేడారం జాతర దగ్గరపడితే సమ్మక్క-సారలమ్మ పాటలు, దసరా ముందు బతుకమ్మ పాటలు, హన్మకొండ చౌరస్తాలో షాపుల ముందు స్పీకర్లు పెట్టి పొద్దంతా అవే వాయించేవాళ్లు. రెండేళ్ల కింద ఆ క్యాసెట్లన్నీ వెతికి ఆమె పాటల లెక్క ఒకటి రాద్దామని కూర్చున్నాను. వారంలో అయిపోతుందనుకున్న పని ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా, మీ ఇంట్లో అటక మీద కూడా అట్లాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది కదా.

అట్ట అని నేను అంటున్నది క్యాసెట్ డబ్బాలో మడిచి పెట్టే రంగుల కాగితాన్ని. షాపులవాళ్లు ఇన్లే కార్డ్ అనేవాళ్లు. ఎల్పీ రికార్డుకైతే కవర్ వెనకవైపు, సీడీకైతే లోపలి చిన్న పుస్తకం. పేరేదైనా చదివే తీరు ఒకటే.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, అట్టా క్యాసెట్టూ ఒకదానికొకటి చెందినవేనా అని చూడటం. ఇది చెప్తే నవ్వుతారు గానీ మా ఇంట్లో డబ్బాలో మూడోవంతు తారుమారు అయి ఉన్నాయి, అయ్యప్ప పాటల డబ్బాలో సినిమా పాటలు, సినిమా డబ్బాలో ఒగ్గు కథ రెండో భాగం. అట్ట వీపు మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఉంటుంది, క్యాసెట్ మీద అంటించిన కాగితం మీద కూడా అదే ఉండాలి. ఆ తర్వాత క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు చూడండి. కంపెనీ క్యాసెట్‌కు అవి ఉండవు, మళ్లీ రికార్డు కాకుండా అట్లా చేస్తారు. ఆ గుంటల మీద టేపు ముక్క అంటించి ఉందంటే ఇంట్లో ఎవరో దాని మీద ఇంకేదో రికార్డు చేశారన్నమాట, అట్ట మీద ఏం రాసి ఉన్నా లోపల ఉన్నది అది కాకపోవచ్చు. మా బాపు ఏదో పెళ్లి వీడియో పాటల కోసం ఒక మంచి క్యాసెట్‌ను అట్లనే నాశనం చేశాడు.

అట్టను ఫోన్‌తో ఫోటో తీయండి, రెండువైపులా, కిటికీ పక్కన పగటి వెలుతురులో. ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం మెరిసి చిన్న అక్షరాలు పోతాయి. మడత దగ్గర చిరిగి ఉంటే సెల్లోటేప్ మాత్రం పెట్టొద్దు, కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి ఆ కింది అక్షరాలను తినేస్తుంది.

ఇప్పుడు చదవడం. అందరం పైనుంచి చదువుతాం, అమ్మవారి బొమ్మ, పెద్ద అక్షరాల పేరు, అంతే, తీసి పక్కన పెడతాం. నేను కింది నుంచి మొదలుపెడతాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వరుసే అసలైనది. 1984లో మన కాపీరైట్ చట్టంలో 52ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం రికార్డు మీదా దాని కవర్ మీదా మూడు సంగతులు ఉండాలి: రికార్డింగ్ తయారుచేసినవాళ్ల పేరు-చిరునామా, హక్కుదారు పేరు-చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం. సంవత్సరం పక్కన వృత్తంలో పి అక్షరం ఉంటే అది ధ్వనికి సంబంధించిన హక్కు, వృత్తంలో సి ఉంటే అట్ట మీది బొమ్మకూ రాతకూ సంబంధించింది. రెండూ వేర్వేరు సంవత్సరాలు ఉన్నాయంటే పాత రికార్డింగ్‌కు కొత్త అట్ట వేసి అమ్మారని అర్థం. చట్టం అట్లా ఉంది గానీ మన దగ్గర జాతర క్యాసెట్లు వేసినవాళ్లలో ఎంతమంది పాటించారంటే, నా దగ్గరున్న ఆరింటిలో రెండింటి మీదే సంవత్సరం ఉంది.

సంవత్సరం లేని అట్టకు వయసు కట్టడం ఉంది చూశారా, నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. చిరునామా చదవండి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి 506001 అనో 506002 అనో ఉంటే అది దాని తర్వాతిదే. 'తాలూకా' అని ఉంటే పాతది, 'మండలం' అని ఉంటే 1985 తర్వాతిది. మద్రాసు అని ఉందా చెన్నై అని ఉందా, 1996లో మారింది. కలకత్తా కోల్‌కతా అయింది 2001లో. కుక్క బొమ్మ కంపెనీ (హెచ్‌ఎంవీ) గ్రామోఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా పేరుతో ఉందా సరిగమ పేరుతో ఉందా, ఆ మార్పు 2000లో జరిగింది. మేడారం చిరునామా ఒక్కటే చూసినా సరిపోతుంది ఒక్కోసారి. వరంగల్ జిల్లా అని ఉంటే 2016 అక్టోబర్‌కు ముందు, జయశంకర్ జిల్లా అని ఉంటే 2016 నుంచి 2019 లోపు, ములుగు జిల్లా అంటే ఆ తర్వాత. ఫోన్ నంబర్ కూడా సాక్ష్యమే. వరంగల్ ఎస్టీడీ కోడ్ 0870 తర్వాత ఆరంకెలుంటే 2002-03 ప్రాంతంలో ల్యాండ్‌లైన్ నంబర్లన్నిటికీ ముందు 2 చేర్చకముందుది, ఏడంకెలుంటే తర్వాతిది.

ఇక జాతర పాటలకైతే ఇంకో లెక్క ఉంది, ఇది మా దిక్కువాళ్లకే తట్టేది. మేడారం పెద్ద జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి నాటికి వస్తుంది, 1998, 2000, 2002, ఇట్లా అన్నీ సరి సంవత్సరాలే. ఏ కంపెనీవాడైనా జాతరకు నెలా రెండు నెలల ముందు సరుకు షాపుల్లో దింపాలి. అంటే క్యాసెట్ సరి సంవత్సరం జాతరది, గొంతు మాత్రం అంతకుముందు బేసి సంవత్సరం చలికాలంలో రికార్డయినది. పాడిన సంవత్సరం, విడుదలైన సంవత్సరం ఎప్పుడూ రెండు వేర్వేరు గళ్లలో రాసుకోండి. దీన్ని కలిపేస్తే పెద్ద పెద్ద గాయకుల విషయంలోనే తప్పులు వస్తాయి. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు, ఆయన భగవద్గీత బయటికి వచ్చింది ఆ తర్వాత. విడుదల తేదీ ఒక్కటే చూసి వరుస కట్టినవాడికి చనిపోయినాయన పాడినట్టు కనపడుతుంది.

చిన్నమ్మ లెక్కతో మొదలుపెట్టి పెద్ద గాయకుల అట్టలు కూడా చూడటం అలవాటైంది నాకు, పద్ధతి నేర్చుకోవాలంటే వాళ్లవే సులువు, సరిచూసుకోవడానికి సమాచారం దొరుకుతుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి మొదటి సినిమా 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న', విడుదల 1967, పాట రికార్డయింది 1966 డిసెంబర్‌లో. ఇక్కడ కూడా చూడండి, రెండు సంవత్సరాలు. ఆ పాట నలుగురు కలిసి పాడారు, పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య, వాళ్లతో పాటు ఈ ఇరవై ఏళ్ల కుర్రాడు. అప్పటికి మిగతా ముగ్గురూ ఊరూరా తెలిసినవాళ్లు. అట్లాంటి వరుసలో ఒక కొత్త పేరు కనపడితే ఆగండి. ఆ తర్వాతి రికార్డుల్లో అదే పేరు ఎన్నో స్థానానికి వచ్చింది, ఎప్పుడు ఇద్దరిలో ఒకరైంది, ఎప్పుడు ఒంటరిగా నిలబడింది, ఎప్పుడు ముఖచిత్రం మీదికి ఎక్కింది, ఇవి తేదీలు వేసి రాసుకుంటే ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పని కథ బయటపడుతుంది.

పేరు అసలు లేకపోవడమూ చదవాల్సిందే. 1949 నాటి హిందీ 'మహల్' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద గాయని పేరు ఉండాల్సిన చోట 'కామిని' అని వేశారు, అది సినిమాలో పాత్ర పేరు. లతకే అట్లా జరిగితే పరకాల మా చిన్నమ్మ ఎంత. 78 చుట్ల రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది, మధ్యలో గుండ్రటి కాగితం మీద స్థలం అంతకన్నా తక్కువ. చోటు లేక పేర్లు పోయాయని సర్దుకోవచ్చు. క్యాసెట్ అట్టకు ఆ సాకు లేదు, లోపల రెండు మడతలు ఖాళీగా వదిలి 'మరియు బృందం' అని వేసినవి నేను చూశాను.

ఈ 'బృందం'ను ఛేదించడానికి నేను కనిపెట్టిన దారి ఇది. ఒకే కంపెనీ, ఒకే సంగీత దర్శకుడు, ఒకే స్టూడియో, దగ్గర దగ్గర నంబర్లు ఉన్న అట్టల్ని పక్కపక్కన పరచండి. కంపెనీ నంబర్లు ఒకే అక్షరాలతో మొదలైతే మామూలుగా వరుసగా పెరుగుతూ పోతాయి, కాబట్టి నడుమ నంబర్లన్నీ దాదాపు ఒకే కాలానివి. వాటిలో ఏదో ఒక అట్ట మీద కోరస్‌వాళ్ల పేర్లు ఒకటి రెండు జారిపడి ఉంటాయి, ప్రింటింగ్ ప్రెస్ కుర్రాడి దయ. ఆ పేర్లు పట్టుకుని చెవితో సరిచూసుకోవాలి. చిన్నమ్మ పేరు నాకు అట్లాగే మొదటిసారి అచ్చులో దొరికింది, నాలుగో అట్ట మీద, తప్పు ఇంటిపేరుతో.

ఇంటిపేరు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఆడవాళ్ల పాటల లెక్కలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పెళ్లికి ముందు ఒక ఇనిషియల్, తర్వాత ఇంకొకటి, మధ్యలో ఇనిషియలే లేకుండా ఒకటి. ముగ్గురు గాయనులు ఉన్నారనుకుంటాం, ఉన్నది ఒక్కతే. ఎస్. జానకి గారి ఎస్ అంటే శిష్ట్లా, పి. సుశీల గారి పి అంటే పులపాక, రెండూ పుట్టింటివే, పాడినంత కాలం అవే నిలిచాయి కాబట్టి వాళ్ల లెక్కకు ఇబ్బంది లేదు. వాణీ జయరాం గారి అసలు పేరు కలైవాణి, భర్త పేరు చేరి ఆ పేరుతో మనకు తెలిసింది. ఇంకోవైపు ఇనిషియల్స్ ఒకటే ఉన్నాయని చుట్టరికం కలపడమూ ప్రమాదమే. బాలు గారికి మొదటి అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి, ఇద్దరికీ ముందు ఎస్.పి. ఉంది, బంధుత్వం ఏమీ లేదు. కాబట్టి అట్ట మీద ఎట్లా ఉంటే అట్లా, అక్షర దోషంతో సహా దింపుకోండి. సరిదిద్దడం ఇంకో గడిలో.

గానం అన్న వరుస అయ్యాక సంగీతం, రచన, స్టూడియో, సౌండ్ ఇంజనీర్ వరుసలు. వీటిని జనం చదవరు. కానీ పాడేవాళ్లకు పని దొరికేది వీళ్ల వల్లనే. బాలు గారి మొదటి పాట టేపును చెరపకుండా దాచి వచ్చిన సంగీత దర్శకులందరికీ వినిపించింది స్వామినాథన్ అనే రికార్డింగ్ ఇంజనీర్ అని బాలు గారే చాలాసార్లు చెప్పుకున్నారు. ఇక జంటలు. మన మహబూబాబాద్ దగ్గర కంబాలపల్లిలో పుట్టిన చక్రి 2000లో 'బాచి'తో సంగీత దర్శకుడయ్యాడు, 2014 డిసెంబర్‌లో పోయాడు. ఆ మధ్య కాలం సినిమా ఆల్బమ్‌లు తీసి చూస్తే గాయని కౌసల్య పేరు ఎన్నిసార్లు కనపడుతుందో లెక్కపెట్టండి. ఒక గాయనికి ఒక సంగీత దర్శకుడి దగ్గర ఎంత చోటు దొరికిందో వేరే ఎవరినీ అడగక్కర్లేదు. ఆ దర్శకుడు వెళ్లిపోయాక, లేదా వాళ్లకు పడక విడిపోయాక, ఆ పేరు ఎక్కడెక్కడ తేలిందో కూడా చూడండి.

పాటల వరుస కూడా అబద్ధం చెప్పదు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ సైడ్ మొదటి పాట షాపులో వాయించేది, బాగా అమ్ముడుపోయే గొంతుకే అది ఇస్తారు. బి సైడ్ మూడోదో నాలుగోదో కొత్తవాళ్లకు, నాకు తోచినంతలో. చిన్నమ్మకు ఒంటరిగా పాడే అవకాశం ఒక్కసారి వచ్చింది, బి సైడ్ చివర నుంచి రెండోది. భక్తి పాటల అట్ట మీద ముందు దేవుడే ఉంటాడు, ఆ మూలన పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఎవరిదన్నా ఉందంటే వాళ్లు అప్పటికే ఎదిగారన్నట్టు.

కొన్ని మోసాలు తెలుసుకోవాలి. 'హిట్స్' అని ఉన్న సంకలనాల మీది సంవత్సరాన్ని పాటకు అంటగట్టొద్దు. పాత పాటను కొత్తవాళ్లతో మళ్లీ పాడించి అమ్మిన క్యాసెట్లు 80, 90ల్లో కుప్పలు, పెద్ద అక్షరాలతో పాటల పేర్లు ఉంటాయి, గానం అన్న చోట తెలియని పేరు. వినేవాడికి అది మోసం అనిపిస్తుంది గానీ కొత్త గాయకులు ఎందరికో మొదటిసారి పేరు అచ్చయింది వాటి మీదే, అందుకే నేను వాటిని పారేయను. 2012 సవరణతో వచ్చిన 31సీ సెక్షన్ ప్రకారం అసలు రికార్డింగ్ వచ్చి ఐదేళ్లు దాటితేనే అట్లా పాడించాలి, కవర్ మీద పాత గాయకుల పేరూ బొమ్మా ఉండకూడదు, కవర్ వర్షన్ అని రాయాలి. సీడీల మీద ఏడీడీ, ఏఏడీ, డీడీడీ అని మూడక్షరాలు కనపడితే మొదటిది రికార్డింగ్, రెండోది మిక్సింగ్ (గొంతులూ వాద్యాలూ కలపడం), మూడోది మాస్టరింగ్ (ఆఖరు ప్రతి సిద్ధం చేయడం) ఎట్లా చేశారో చెప్తుంది, ఏ అంటే అనలాగ్, డి అంటే డిజిటల్. ఘంటసాల గారి కాలంలో మన దగ్గర డిజిటల్ రికార్డింగ్ లేదు, కాబట్టి ఆయన గొంతు అని చెప్పి డీడీడీ అని ఉంటే ఇంకెవరో పాడారేమో అని ఒకసారి చెవి ఒగ్గి వినండి.

ఒగ్గు కథల గురించి ఎక్కువ చెప్పను, వాటికి రాత్రంతా నడిచే కథను గంట గంట ముక్కలుగా కోస్తారు, అన్ని భాగాలకూ అట్ట ఒకటే, భాగం నంబరు ఒక్కటే మారుతుంది. ఉద్యమ పాటల క్యాసెట్లకైతే చాలాసార్లు అట్టే లేదు, చేతిరాత కాగితం, ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకున్నవి. అక్కడ పేరు లేకపోవడానికి కారణం వేరే, పేరు ఉంటే ప్రమాదమని.

ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ వస్తాయి, చూడండి, తప్పులేదు. కానీ అక్కడ సంవత్సరం చాలాసార్లు ఆన్‌లైన్‌లో ఎక్కించిన నాటిది, కోరస్ పేర్లు ఉండవు, ఇంజనీర్ ఉండడు. ప్రతి రికార్డింగ్‌కూ ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల కోడ్ ఇస్తారు, అందులో రెండంకెలు సంవత్సరం సూచిస్తాయి, అది కూడా కోడ్ ఇచ్చిన సంవత్సరమే. పాత పాటకు 2010లో కోడ్ ఇస్తే 10 అనే ఉంటుంది. యాప్‌ను అట్టతో సరిచూసుకోవాలి, అట్టను యాప్‌తో దిద్దుకోవద్దు.

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి, గాయకుడికి లేదా గాయనికి ఒక పేజీ చొప్పున. అచ్చులో ఉన్నది పెన్నుతో, మీరు ఊహించింది పెన్సిల్‌తో. ఇది చిన్న సంగతిలా ఉంది గానీ ఆరు నెలల తర్వాత మీ ఊహ మీకే నిజంలా కనపడకుండా కాపాడేది ఇదే. నేను మొదట్లో అన్నీ పెన్నుతోనే రాసి ఒక నోట్‌బుక్ పారేయాల్సి వచ్చింది.

మా చిన్నమ్మ పేజీలో ఇప్పుడు ఆరు క్యాసెట్లు ఉన్నాయి, నాలుగింట్లో 'బృందం', ఒకదాంట్లో తప్పు ఇంటిపేరు, ఒకదాంట్లో సరైన పేరు. 2003 తర్వాత ఏమీ లేదు. ఎందుకని అడిగితే "వీసీడీలు వచ్చినయి గద, గొంతు కాదు మొకం కావాలన్నరు" అంది. ఒక్క క్యాసెట్ సంవత్సరం మాత్రం తేలలేదు. సమ్మక్క పాటలు, అట్ట మీద చెన్నై అని ఉంది, 0870 ఫోన్ ఆరంకెలది, అంటే 1998 జాతరదో 2000దో 2002దో. మూడూ పెన్సిల్‌తో రాసి మొన్న ఆమె దగ్గరికి తీసుకుపోయాను. అట్టను కళ్లద్దాలు లేకుండా దూరం పెట్టి చూసింది.

"ఇది పాడినప్పుడు నాకు ఎనిమిదో నెల. నిలబడలేక కుర్చీ ఏపించుకున్న. పిల్ల పుట్టినంక జాతరకు పోలేకపోయిన."

ఆ పిల్ల, మా చెల్లె, పుట్టింది 1999 డిసెంబర్‌లో. అంటే 2000 జాతరది. పెన్సిల్ చెరిపి పెన్నుతో రాస్తుంటే చేయి పట్టుకుని ఆపింది.

"నన్నొక్కదాన్నే రాస్తే ఎట్ల? గా మైక్ కాడ నలుగురం ఉంటిమి. వాళ్లయి గూడ రాయ్."

ఒకామెది ఆత్మకూరు, ఒకామెది శాయంపేట, పేర్లు చెప్పింది. మూడో ఆమె పేరు గుర్తుకు రాలేదు, గొంతు మాత్రం గుర్తుందట, ఆ పాటలో రెండో చరణం దగ్గర పైకి ఎత్తేది ఆమేనట. టేప్‌రికార్డర్ బెల్టు తెగిపోయి ఉంది, బాగు చేయించాలి.